కంపెనీ కారా, పెట్రోలు కార్డా, నగదు అలవెన్సా: గాజువాక నుంచి పైడిభీమవరం దాకా తిరిగేవాళ్ల లెక్క

మీరిచ్చిన వివరాలు ముందు ఒకచోట పెడుతున్నాను. ఇల్లు విశాఖపట్నం గాజువాకలో. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, అప్పుడప్పుడు పైడిభీమవరం ప్లాంట్లలో పంపులు, సీళ్లు సర్వీసు చేయించే ఏరియా మేనేజర్ ఉద్యోగం. నెలకు 1,500 కిలోమీటర్ల తిరుగుడు, అందులో సైట్ విజిట్లు 800. సొంతంగా 2019 పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఉంది, లోను తీరిపోయింది. సీటీసీలో (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చులో) ‘వాహనం’ పేరుతో నెలకు 40,000 పెట్టి మూడింట్లో ఒకటి ఎంచుకోమన్నారు: ఆ డబ్బుతో కొత్త కారు లీజు (కంపెనీ అద్దెకు తీసుకుని మీకివ్వడం), లేదా సొంత కారుకు 12,000 పెట్రోలు కార్డు పెట్టి మిగతా 28,000 జీతంలో కలపడం, లేదా మొత్తం 40,000 నగదు అలవెన్సు. కొత్త ట్యాక్స్ రెజీమ్, 20% శ్లాబు. హెచ్‌ఆర్ వాళ్లు లీజు తీసుకుంటే ‘ట్యాక్స్ మొత్తం మిగులుతుంది’ అన్నారు, అది నిజమేనా అని అడిగారు.

ట్యాక్స్ మిగిలే మాట నిజమే. కానీ లీజు అనేది ఎలాగూ కొనబోయే కారు మీద దొరికే డిస్కౌంటు. కారు కొనే ఆలోచనే లేనివాడికి అది పొదుపు కాదు, కొత్త ఖర్చు. మీ బండి ఇంకో రెండు మూడేళ్లు నడుస్తుందనుకుంటే కార్డు తీసుకుని లాగ్‌బుక్ (ఆఫీసు పని మీద తిరిగినదాని పద్దు) రాయండి. ఈ ఏడాదిలోనే మార్చాల్సిన పరిస్థితి ఉండి, ఇదే కంపెనీలో కనీసం మూడేళ్లు ఉంటారనుకుంటేనే లీజు. మొత్తం నగదు తీసుకోవాల్సిన సందర్భాలు తక్కువ, అవేంటో కింద చెప్తాను.

ఇక లెక్క. 2025-26 జీతాలకు వర్తించిన 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లోని రూల్ 3 అంకెలతో చేస్తున్నాను. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం అమలు కాబట్టి, ఆ తర్వాతి జీతానికి పేరోల్ వాడే అంకెను అడిగి అదే చోట పెట్టుకోండి. లెక్క కట్టే పద్ధతి అదే.

కంపెనీ సొంతంగా కొన్నదైనా, లీజుకు తీసుకున్నదైనా ఒక కారు మీకిచ్చి, ఆఫీసు పనికీ ఇంటి పనికీ రెండింటికీ వాడుకోనిచ్చి, పెట్రోలు, మరమ్మతులు తనే భరిస్తే, మీ జీతంలో పెర్క్విజిట్‌గా (జీతంతో పాటు అందే సౌకర్యానికి కట్టే విలువగా) కలిపేది నెలకు 1,800 మాత్రమే. ఇంజను 1,600 సీసీ దాటితే 2,400. డ్రైవరును కూడా ఇస్తే ఇంకో 900. అసలు ఖర్చు 40,000 అయినా ట్యాక్స్ పడేది ఆ 1,800 మీదే. పెట్రోలు ఖర్చు మీరే పెట్టుకుంటే 600, పెద్ద ఇంజనుకు 900.

సొంత కారుకు కంపెనీ ఖర్చులిచ్చినప్పుడు ఇదే 1,800 తలకిందులవుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కంపెనీ ఇచ్చిన మొత్తంలోంచి 1,800 తీసేసి మిగతాదంతా జీతంలో కలుపుతారు. అంటే కంపెనీ కారుకు ట్యాక్స్ పడేది 1,800, సొంత కారుకు ట్యాక్స్ తప్పేది 1,800. పెట్రోలు కార్డులో 12,000 వేశారు కాబట్టి 12,000 ట్యాక్స్ లేనట్టే అనుకుని ఏడాదంతా గీకి, మార్చిలో పేరోల్ వాళ్లు నెలకు 10,200 మీద పడే ట్యాక్స్ పన్నెండు నెలలది కలిపి ఒకేసారి కోత పెడితే లబోదిబోమంటారు. బైకుకైతే మినహాయింపు 900 మాత్రమే.

1,800 కంటే ఎక్కువ మినహాయింపు కావాలంటే దారి ఉంది. ఆఫీసు పని మీద తిరిగినదానికి తేదీ, వెళ్లిన చోటు, కిలోమీటర్లు, ఖర్చు వివరాలు కంపెనీ దగ్గర ఉండాలి. ఆ ఖర్చు పూర్తిగా ఉద్యోగ విధుల కోసమే అయిందని కంపెనీ సర్టిఫికెట్ ఇవ్వాలి. మీ 1,500లో 800 అంటే 53 శాతం. నెలకు నడిపే ఖర్చు 12,000 అయితే 6,400 దాకా మినహాయింపు వస్తుంది, 5,600 మీదే ట్యాక్స్. ఇల్లు-ఆఫీసు ప్రయాణం ఆ 800లో కలపకండి. కంపెనీ ఇచ్చిన వాహనంలో ఇంటినుంచి ఆఫీసుకు వెళ్లిరావడాన్ని లాభంగా చూడకూడదని చట్టంలోనే వివరణ ఉంది గానీ, అది కంపెనీ వాహనానికి. సొంత కారుకు దాన్ని అరువు తెచ్చుకోలేరు.

12,000 ఎలా వచ్చిందంటే: 1,500 కిలోమీటర్లు, ఏసీ వేసుకుని ఎన్‌ఏడీ, షీలానగర్ ట్రాఫిక్‌లో లీటరుకు 16 వస్తే 94 లీటర్లు. లీటరు 109 అనుకుంటే 10,200 పైచిలుకు. సర్వీసు, టైర్లు, బ్యాటరీ సగటున 1,800. రిఫైనరీ మన మల్కాపురంలోనే ఉన్నా, 31% వ్యాటు, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి కలిసి ఇక్కడి పెట్రోలు యానాం కంటే ప్రియం. కాబట్టి వేరే ఊరి కంపెనీ పాలసీలో ‘కిలోమీటరుకు ఇంత’ అని ఉంటే ఆ రేటును విశాఖ ధరతో సరిచూసుకోండి. బెంగళూరు రేటుతో కట్టిన అంకె ఇక్కడ చాలదు.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెడదాం. మీ శ్లాబుకు సెస్సుతో కలిపి 20.8%. (శ్లాబులు 4 లక్షల వెడల్పువి, మీ వాహన డబ్బు ఏడాదికి 4.8 లక్షలు కాబట్టి కొంత భాగం పక్క శ్లాబులో పడొచ్చు, తేడా స్వల్పమే.)

మొత్తం నగదు తీసుకుంటే 40,000లో 8,320 ట్యాక్స్ పోయి 31,680 వస్తుంది. అందులోంచి 12,000 బండికి పెడితే మిగిలేది 19,680.

కార్డు తీసుకుని లాగ్ రాస్తే 28,000 మీద 5,824, కార్డులో ట్యాక్స్ పడే 5,600 మీద 1,165 పోతుంది. బండి ఖర్చు కార్డు భరించింది కాబట్టి చేతిలో మిగిలేది 21,011. లాగ్ రాయకపోతే ఇది 20,054కు తగ్గుతుంది. నెలకు పది నిమిషాల పనికి దాదాపు 950 రూపాయలన్నమాట.

లీజు తీసుకుంటే, 11 లక్షల ఆన్‌రోడ్ చిన్న కారుకు 48 నెలల అద్దె జీఎస్టీ, బీమాతో కలిపి 28,000 అని, చివర్లో రెసిడ్యువల్ (కారు మీరే ఉంచుకోవడానికి కట్టాల్సిన మిగులు ధర) 2 లక్షలు అని కొటేషన్ వచ్చిందనుకుందాం. అద్దె 28,000, నడిపే ఖర్చు 12,000, మొత్తం 40,000 అక్కడే అయిపోయింది. 1,800 మీద ట్యాక్స్ 374 మీ జేబులోంచే. చేతిలో మిగిలేది సున్నా కంటే కాస్త కిందే.

అంటే కొత్త కారు కోసం మీరు నిజంగా వదులుకునేది నెలకు 21,400 దాకా, ఏడాదికి రెండున్నర లక్షల పైనే. పాత బండి బాగా నడుస్తుంటే ఇది చేతి చమురు వదిలించుకోవడమే. హెచ్‌ఆర్ స్లైడులో ‘నెలకు 7,946 ట్యాక్స్ ఆదా’ అని ఉంటుంది. అది అబద్ధం కాదు, 38,200 మీద 20.8% అంతే వస్తుంది. కానీ ఆ ఆదా కోసం ముందు 28,000 అద్దె కట్టాలన్నది స్లైడులో కనిపించదు.

బండి ఎలాగూ మార్చాలంటే పోలిక వేరు. అదే 11 లక్షలకు 9% వడ్డీతో 48 నెలల లోను తీసుకుంటే ఈఎంఐ 27,373. నాలుగేళ్లలో 13.14 లక్షలు, రెండో ఏడు నుంచి బీమాకు ఒక 75,000 వేసుకోండి, 13.89 లక్షలు. లీజుకు అద్దెలు 13.44 లక్షలు, రెసిడ్యువల్ 2 లక్షలు, మొత్తం 15.44. లీజు లక్షన్నర పైన ఎక్కువ ఎందుకంటే అందులో లీజు కంపెనీ వడ్డీ మీద కూడా జీఎస్టీ పడుతుంది, బ్యాంకు లోను వడ్డీ మీద పడదు. అయినా నాలుగేళ్లలో 7,946 చొప్పున 3.81 లక్షల ట్యాక్స్ తగ్గుతుంది కాబట్టి, మొత్తం నగదు తీసుకుని లోనులో కొనడంతో పోలిస్తే 2.26 లక్షలు లీజు పక్షానే మిగులుతుంది. కొత్త కారును సొంతంగా కొని కార్డు, లాగ్ పెట్టుకుంటే ఆ పక్క కూడా నాలుగేళ్లలో 64,000 దాకా ట్యాక్స్ తగ్గుతుంది కాబట్టి తేడా లక్షా అరవై వేలకు దిగుతుంది. 30% శ్లాబువాళ్లకు ట్యాక్స్ ఆదా నెలకు 11,918, వాళ్లకు లీజు ఇంకా బాగుంటుంది. పెర్క్విజిట్ విలువ వెయ్యి రూపాయలు పెరిగిన ప్రతిసారీ మీకు 208, వాళ్లకు 312 చొప్పున లీజు లాభం తగ్గుతుందని, లాగ్ లేని సొంత కారుకు అంతే పెరుగుతుందని గుర్తుపెట్టుకోండి.

అద్దె మీద జీఎస్టీ కారును బట్టి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి, పొడవు 4 మీటర్ల లోపు ఉండి ఇంజను పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ లోపు ఉన్నవాటికి 18%, వాటిని దాటితే 40%, ఎలక్ట్రిక్‌కు 5%. డ్రైవరు లేకుండా కారు లీజుకిస్తే ఆ కారుకున్న రేటే అద్దెకూ వర్తిస్తుంది. ఈ హద్దును 1,600 సీసీ పెర్క్విజిట్ హద్దుతో కలపొద్దు. 1,500 సీసీ పెట్రోలు ఎస్‌యూవీకి పెర్క్విజిట్ 1,800లోనే ఉంటుంది, అద్దె మీద మాత్రం 40% పడుతుంది. కార్లకు చెల్లించిన ఈ జీఎస్టీని మామూలు కంపెనీలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోలేవు (తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేవు), కాబట్టి అదంతా మీ సీటీసీలోంచే పోతుంది.

లీజులో అసలు దెబ్బ తగిలేది మధ్యలో మానేసినప్పుడు. మూడో నెలలో మానేసినా, ముప్పయ్యో నెలలో మానేసినా మిగిలిన అద్దెల విలువ, రెసిడ్యువల్, ఫోర్‌క్లోజర్ (గడువుకు ముందే లీజు మూసేయడం) చార్జీ, వాటి మీద జీఎస్టీ కలిపి ఫైనల్ సెటిల్‌మెంటులో కోస్తారు. 18వ నెలలో మూసేస్తే కట్టాల్సింది 9.6 లక్షలు, ఆ రోజు కారు అమ్మితే వచ్చేది 7.4 లక్షలు అనుకోండి. తేడా 2.2 లక్షలు. అప్పటిదాకా మీకు తగ్గిన ట్యాక్స్ 1.43 లక్షలే. 30% శ్లాబువాడికి 2.15 లక్షలు తగ్గి ఉంటుంది, వాడు దాదాపు సమానంగా బయటపడతాడు, మీరు నష్టంతో. సంతకం పెట్టకముందే నెలవారీ ఫోర్‌క్లోజర్ షెడ్యూలు అడగండి. ‘అప్పటి అవుట్‌స్టాండింగ్ ప్రకారం’ (అంటే అప్పటికి మిగిలిన బాకీ ప్రకారం) అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే ఒప్పుకోకండి. కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే ఎవరు భరిస్తారు, వేరే రాష్ట్రానికి బదిలీ అయితే ఏమవుతుంది, కొత్త కంపెనీకి లీజు మార్చుకునే వీలుందా, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. సొంత కారు ఉన్నవాడికి ఈ బెడద లేదు, రాజీనామా ఇచ్చి అదే కారులో ఇంటికెళ్లిపోతాడు.

ఇంకో చిక్కు, లీజు కంపెనీ కారును హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రిజిస్టర్ చేసి పంపడం. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి రిజిస్ట్రేషన్ మార్కు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 చెప్తుంది. అంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, పాత రాష్ట్రంలో కట్టినదాని రీఫండ్ కోసం తిరుగుడు. యజమాని మీరు కాదు కాబట్టి ప్రతి ఫారం మీదా లీజు కంపెనీ సంతకం కావాలి. ‘రిజిస్ట్రేషన్ విశాఖపట్నంలోనే’ అని ఆర్డరు ఫారంలోనే రాయించండి.

బీమా గురించి మనూళ్లో కాస్త ఎక్కువ ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చేసింది చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. లీజు కారు టోటల్ లాస్ అయితే ఐడీవీ (పాలసీలో కారుకు కట్టిన విలువ) డబ్బు లీజు కంపెనీకి వెళ్తుంది. అవుట్‌స్టాండింగ్ దానికంటే ఎక్కువ ఉంటే తేడా మీ మీద పడొచ్చు. అందుకే కారు కొన్న బిల్లు ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్‌వాయిస్ యాడ్-ఆన్ ఉందో లేదో చూడండి. ఇంజను ప్రొటెక్షన్ కూడా. జ్ఞానాపురం లాంటి చోట్ల నిలిచిన నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజను పాడుచేసుకుంటే మామూలు పాలసీ ఆ ఇంజను ఖర్చు ఇవ్వదు. పాలసీ మీ పేరున ఉండదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ మీకు జమ కాదు. ఉప్పు గాలికి అండర్‌బాడీ కోటింగ్ వేయించుకోవాలంటే మెయింటెనెన్స్ బడ్జెట్‌లో అది వస్తుందా అని ముందే అడగండి, తర్వాత అడిగితే యాక్సెసరీ అంటారు.

సొంత కారులో సైట్లకు వెళ్లేవాళ్లకూ ఒక జాగ్రత్త. ప్రైవేటు కారు పాలసీలో శాంపిళ్లు, సొంత సామాను తప్ప సరుకు మోయడం కవర్ కాదు. మెకానికల్ సీలు నమూనా ఒకటి డిక్కీలో ఉంటే ఫర్వాలేదు. రెండు పంపులు, ఆయిలు డబ్బాలు వేసుకుని అచ్యుతాపురం వెళ్తుంటే యాక్సిడెంట్ అయినప్పుడు సర్వేయరు అడిగే మొదటి ప్రశ్న దాని గురించే అవుతుంది. స్పేర్లు ట్రాన్స్‌పోర్టులో పంపించమని మేనేజరుకు మెయిలు పెట్టండి.

కార్డు ఎంచుకుంటే అది ఏ రకం కార్డో తెలుసుకోండి. ఆయిల్ కంపెనీల ఫ్లీట్ కార్డు ఆ కంపెనీ బంకుల్లోనే పనిచేస్తుంది. ఏజెన్సీ వైపు వెళ్లే పని ఉంటే బయల్దేరేముందు ఊళ్లోనే ట్యాంకు నింపుకోవాలి. దానికో మంచి గుణం, స్టేట్‌మెంటులో తేదీ, బంకు, లీటర్లు అన్నీ వస్తాయి, సగం లాగ్ అక్కడే తయారవుతుంది. ప్రీపెయిడ్ వాలెట్ కార్డయితే ఏ బంకులోనైనా గీకొచ్చు గానీ బిల్లు విడిగా దాచాలి. బిల్లు మీద బండి నంబరు కొట్టించుకోండి. థర్మల్ కాగితం రెండు నెలల్లో తెల్లబోతుంది, అక్కడికక్కడే ఫొటో తీయండి. వాడని బ్యాలెన్సు వచ్చే నెలకు వెళ్తుందా, మార్చి 31తో పోతుందా అడగండి. ఆర్‌సీ మీ పేరున ఉండాలి. నాన్నగారి పేరునో, భార్య పేరునో ఉన్న బండికి ‘ఉద్యోగి సొంత కారు’ అనే రూలు వర్తించదని పేరోల్ వాళ్లు తిప్పి పంపుతారు, తప్పు వాళ్లది కాదు.

లాగ్ ఇలా ఉంటే చాలు: ‘12-08-2025, గాజువాక-పైడిభీమవరం-గాజువాక, 2వ బ్లాకు ఫీడ్ పంపు సీల్ మార్పు, మీటరు 41,210 నుంచి 41,382, 172 కి.మీ., నాతవలస టోలు రెండుసార్లు’. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, ప్లాంటు గేట్ పాస్ ఫొటో జతచేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. నెలాఖరున కూర్చుని అన్నీ గుండ్రటి అంకెలు (ప్రతి ట్రిప్పూ 50, 100) రాసే లాగ్‌ను మాత్రం ఆడిటరు మొదటి పేజీలోనే పట్టేస్తాడు. సర్వీసు బిల్లు మీద మీటరు రీడింగు ఉంటుంది, దానితో లాగ్ సరిపోవాలి.

లీజులో ఎలక్ట్రిక్ తీసుకోవచ్చా అని కూడా అడిగారు. 5% జీఎస్టీ వల్ల అద్దె తగ్గుతుంది, రోజువారీ పరవాడ-అచ్యుతాపురానికి సరిపోతుంది. పెట్రోలు కార్డు మాత్రం చార్జింగ్‌కు పనికిరాకపోవచ్చు. ఇంట్లో చార్జింగ్ పెడితే ఈపీడీసీఎల్ బిల్లులో కారు యూనిట్లు విడిగా రావు. అపార్టుమెంటులో వేరే మీటరు లేదా యూనిట్లు చూపించే చార్జరు లేకపోతే రీయింబర్స్‌మెంటుకు ఆధారం ఉండదు.

నగదు ఎవరికంటే: ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు, ఏడాదిలో మారే ఆలోచన ఉన్నవాళ్లు, కంపెనీ బస్సులో వెళ్లి నెలకు రెండుసార్లే సైటుకు పోయేవాళ్లు, ఆర్‌సీ ఇంట్లో వేరేవాళ్ల పేరున ఉన్నవాళ్లు. ఇంకొకరు, త్వరలో మధురవాడ వైపు ఫ్లాటు కోసం హోమ్‌లోను పెట్టబోయేవాళ్లు. లీజు అద్దె పోయాక పేస్లిప్‌లో గ్రాస్ తగ్గి కనిపిస్తుంది, బ్యాంకువాడు అర్హత దాని మీదే కడతాడు. ‘కన్వేయన్స్ అలవెన్స్’ అని పేరు పెట్టినంత మాత్రాన అది ట్యాక్స్ ఫ్రీ కాదు. ఆఫీసు పని మీద తిరగడానికి నిజంగా ఖర్చయినంత వరకే మినహాయింపు, దానికీ ఆధారాలు కావాలి. ఇల్లు-ఆఫీసు ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సుకు మినహాయింపు దివ్యాంగ ఉద్యోగులకే ఉంది, 2025-26 జీతాలకు అది నెలకు 3,200.

లీజే అనుకుంటే చివరి రోజు గురించి కూడా ఇప్పుడే రాయించుకోండి. రెసిడ్యువల్ ఎంత, కొనే హక్కు మీదేనా, కారు మీ పేరున మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు ఎన్ని రోజుల్లో ఇస్తారు. లీజు కాకుండా కారు కంపెనీ సొంతమై, దాన్ని మీకు చవగ్గా ఇస్తే అప్పుడూ ట్యాక్స్ ఉంది. అసలు ధర మీద ప్రతి పూర్తయిన ఏడాదికీ మిగిలినదానిలో 20% తగ్గించుకుంటూ వస్తారు. 10 లక్షల కారు నాలుగేళ్లకు 4,09,600. మీకు 2 లక్షలకే ఇస్తే మిగతా 2,09,600 ఆ ఏడాది జీతంలో కలుస్తుంది.

హెచ్‌ఆర్‌కు మీరు పంపాల్సిన మెయిలులో నాలుగే అడగండి: నెలవారీ ఫోర్‌క్లోజర్ షెడ్యూలు, జీఎస్టీ విడిగా చూపించిన అద్దె కొటేషను, ఈ ఏడాదికి పేరోల్ వాడే పెర్క్విజిట్ అంకెలు, సొంత కారు లాగ్ మీద సర్టిఫికెట్ ఇస్తారా లేదా. ఆఖరుదానికి ‘ఇవ్వం’ అని వస్తే కార్డు మినహాయింపు 1,800 దగ్గరే ఆగుతుంది, నగదుకూ కార్డుకూ తేడా నెలకు 374 మాత్రమే. అప్పుడు కార్డు షరతుల్లో ఇరుక్కోకుండా నగదు తీసుకోవడమే నయం.